వయోజన పాఠశాలలో సంభాషణము: పంచాయతీ సభ్యులు గమనింపదగిన విషయములు

పంచాయతీ సమావేశము ముగిసినది. కార్యదర్శి తీర్మానమును చదివి, పుస్తకమును సభ్యుల ముందుంచినాడు. ఒకరి తరువాత నొకరు సంతకములు చేయుచున్నారు. అందొక సభ్యురాలు కలము పుచ్చుకొని, తాను కష్టపడి నేర్చుకొనిన మూడక్షరముల పేరును నిదానముగా వ్రాసి, పుస్తకమును ప్రక్కవారికి అందించినది. తన పేరు ఆమె వ్రాయగలిగినది. కాని తాను దేనికి ఒప్పుకొనినదో ఆమె ఎరుగదు. తీర్మానము తమ వీధి కుళాయినిగూర్చియా, చెరువుకట్టనుగూర్చియా అని అడుగవలెనని ఆమెకు తోచినది. ఏ మాటలతో అడుగవలెనో తోచక ఊరకుండినది.

ఇట్టి దృశ్యము మన గ్రామములలో నేటికిని అరుదు కాదు. రాజ్యాంగము 73వ సవరణ 1993 ఏప్రిల్ 24వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. పంచాయతీలలో మూడవ వంతునకు తక్కువ కాకుండ స్థానములను స్త్రీలకు అది కేటాయించినది. మన రాష్ట్రమున ఆ భాగము సగమునకు పెరిగినది. చట్టము సభ్యురాలికి స్థానము నిచ్చినది. ఆ స్థానమున కూర్చుండి ప్రశ్నించుటకు, వాదించుటకు, వ్రాతను చదివి చూచుకొనుటకు కావలసిన భాషను మాత్రము ఊరిలోని వయోజన పాఠశాలయే ఇయ్యవలెను. 2011 జనాభా లెక్కల ప్రకారము నాటి చిత్తూరు జిల్లాలో ఏడేండ్లు నిండినవారియందు నూటికి సుమారు 72 మంది అక్షరాస్యులు. స్త్రీలలో నూటికి 63 మంది మాత్రమే. మిగిలినవారికి చదువు నేర్పుటెట్లు? పలకలు, పుస్తకములు పంచినంత మాత్రమున భాష వచ్చునా? ఈ ప్రశ్నను పంచాయతీ సభ్యులు తమ ముందుంచుకొనవలెను.

మన సీమలోని భాషాపరిస్థితి

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1వ తేదీన ఏర్పడినది. ఉత్తర ఆర్కాటు జిల్లానుండి కొన్ని తాలూకాలను, కడప జిల్లానుండి మదనపల్లె, వాయల్పాడు ప్రాంతములను చేర్చి దీనిని కూర్చినారు. కావున పుట్టుకనుండియు ఇది పలు భాషల కూడలి. 1960 ఏప్రిల్ 1వ తేదీన ఆంధ్రప్రదేశ్, మద్రాసు రాష్ట్రముల సరిహద్దు సవరింపబడినది. తిరుత్తణి ప్రాంతము మద్రాసు రాష్ట్రమునకు పోయినది. చెంగల్పట్టు జిల్లాలోని పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాల గ్రామములు కొన్ని మనకు వచ్చి సత్యవేడు తాలూకాగా ఏర్పడినవి. నేడు సత్యవేడు 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలోనిది.

సరిహద్దు ఒక్క దినమున మారవచ్చును. మనుష్యుని నాలుక అట్లు మారదు. సత్యవేడు, నగరి ప్రాంతములలో ఇంట తమిళము మాటలాడువారు కలరు. కుప్పము వైపున తమిళముతోపాటు కన్నడమును వినవచ్చును. పలమనేరు, మదనపల్లె పట్టణములలో ఉర్దూ వాడుకలో ఉన్నది. ఇంతేకాక సరిహద్దునకు ఇరువైపుల పెండ్లి సంబంధములు తరతరములుగా జరుగుచున్నవి. ఆవలి ఊరినుండి కోడలిగా వచ్చిన ఆడపడుచు ఇచ్చటి రేషను కార్డును, పట్టాదారు పుస్తకమును, పంచాయతీ నోటీసును తెలుగులో చూచుచున్నది. మాటయు వ్రాతయు రెండును ఆమెకు కొత్తయే. కావున మన ప్రాంతమున వయోజన విద్య యనగా అక్షరములు దిద్దించుట మాత్రమే కాదు. పలువురి విషయమున అది పెద్దవయసున మరియొక భాషను నేర్పుటయు అగుచున్నది.

నేను చూచిన రెండు తరగతులు

ఉద్యోగరీత్యా నేనొకమారు సరిహద్దు మండలములోని ఒక గ్రామమునకు పోయితిని. రాత్రి ఏడున్నర గంటలు. బడి వసారాలో పదునలుగురు కూర్చుండి ఉండిరి. అందు పండ్రెండుగురు స్త్రీలు, మామిడితోటలలో కూలికి పోయి వచ్చినవారు. డిగ్రీ చదువుచున్న ఒక యువతి పాఠము చెప్పుచున్నది. ఆమె నల్లబల్లపై అక్షరము వ్రాయును, పలుకును. అందరును ఏకకంఠముగా పలుకుదురు. "అర్థమయిందా?" అని ఆమె అడుగును, "ఆ!" అని అందరు అందురు. వెనుక వరుసలో ఇద్దరు కునుకుచుండిరి.

పాఠమైన పిమ్మట నేను అరగంటసేపు ప్రసంగించితిని. వరి వేసినవారందరు తమ పేర్లను నమోదు చేయించుకొనవలెననియు, లేనిచో నష్టము వచ్చినపుడు సహాయము పొందుట కష్టమనియు పలుమార్లు చెప్పితిని. "సందేహము లేమైన ఉన్నవా?" అని అడిగితిని. ఎవరును నోరు మెదపలేదు. ప్రసంగము చక్కగా సాగినదని నేను సంతోషించితిని. జీపు ఎక్కబోవుచుండగా ఒక గృహిణి వెంట వచ్చి, భయముతో ఇట్లు అడిగినది: "సార్, మా మీద కొత్తగా వరి ఎందుకు వేసినారు? మేము కూలోళ్లం, యాడనుంచి కట్టేది?"

నాకు మొదట అర్థము కాలేదు. తరువాత సిగ్గు కలిగినది. తమిళమున "వరి" యనగా పన్ను. పన్ను విధించుటను వారు "వరి పోడు" అందురు. "వరి వేయుట" అన్నట్లే యున్నది కదా! ఆమె ఆవలి రాష్ట్రమునుండి వచ్చిన కోడలు. నేను వడ్లను గూర్చి చెప్పినదంతయు ఆమె కొత్త పన్నును గూర్చి అని గ్రహించినది. పేరు నమోదు చేయించుకొనుట యనగా పన్ను పుస్తకమున ఎక్కుట! ఆమెయే కాదు, ఆ వరుసలో మరి నలుగురును అట్లే అనుకొనిరట. అరగంట మాటలాడినది నేనొక్కడనే. ఒక్క నిమిషము వారు మాటలాడియున్నచో ఆ పొరపాటు అక్కడనే బయటపడెడిది.

కొన్ని నెలల తరువాత మరల ఆ ఊరికి పోయితిని. ఆ యువతియే పాఠము చెప్పుచున్నది, కాని తరగతి రూపు మారినది. అందరును గుండ్రముగా కూర్చుండిరి. ఇద్దరిద్దరుగా చేరి ఒకరినొకరు ప్రశ్నించుకొనుచుండిరి.

"అక్కా, మీరు యే పంట వేసినారు?"

"మేము నెల్లు... కాదు, వరి వేసినాము. మీరో?"

"మేము శెనక్కాయ వేసినాము. మీ ఇంటికి పన్ను యెంత?"

నాడు భయపడి నన్నడిగిన గృహిణియే "వరి", "పన్ను" అను మాటల భేదమును తన ప్రక్కనున్న వృద్ధురాలికి నవ్వుచు వివరించుచున్నది. నా పొరపాటును ఉపాధ్యాయిని పాఠముగా మార్చుకొనినది. వెనుక వరుస యనునది లేకపోవుటచే కునుకువారును లేరు.

మాటలాడుటవలన భాష యెట్లు వచ్చును

పెద్దవాడు బుద్ధిలో పిల్లవానికి తీసిపోడు. అతనికి బ్రతుకు తెలియును, బేరము తెలియును, న్యాయాన్యాయములు తెలియును. కాని తప్పు పలికిన నలుగురును నవ్వుదురేమో యను బిడియము ఎక్కువ, తీరిక తక్కువ. అట్టివానిని కూర్చుండబెట్టి వినుమనుట, గట్టుమీద కూర్చుండబెట్టి ఈత నేర్పుట వంటిది. విన్న మాట తనదగుటకు దానిని తానొక పనికై వాడవలెను. ఎదుటివానికి అర్థము కాకున్న మరియొక విధముగా చెప్పవలెను. అతడు చెప్పినది తనకు తెలియకున్న తిరిగి అడుగవలెను. ఈ ఇచ్చిపుచ్చుకొనుటలోనే భాష నిలుచును.

దీనికి మన తెలుగువారిలోనే గొప్ప ఉదాహరణము కలదు. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863-1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉండగా కొండలలోని సవరల భాషను నేర్చుకొనదలచిరి. ఆ భాషకు నాడు బడి లేదు, పుస్తకము లేదు. తెలుగు వచ్చిన ఒక సవరను తమ యింట ఉంచుకొని, అతనితో సంభాషించుచు ఆ భాషను అభ్యసించిరి. పిమ్మట సవరలకు ఆ భాషలోనే పుస్తకములు వ్రాసి, బడులు నడపిరి. వారి సవర వ్యాకరణము 1931లో వెలువడినది. వారి జన్మదినమైన ఆగస్టు 29ని నేడు తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. మహాపండితుడైనను సామాన్యుడైనను కొత్త భాషకు దారి ఎదుటి మనుష్యునితో మాటలాడుటయే.

ఇతర దేశములలోను ఇట్టి అనుభవమే కలిగినది. బ్రెజిల్ దేశమున ఆంగికోస్ అను పట్టణములో 1963లో పౌలో ఫ్రెయిరీ అను విద్యావేత్త సుమారు 300 మంది శ్రామికులకు నలువది గంటల బోధనతో చదువను వ్రాయను నేర్పినాడు. ఆయన వర్ణమాలతో మొదలిడలేదు. ఒక చిత్రమును చూపి, దానిలోని జీవితమునుగూర్చి వారిచేత మాటలాడించి, ఆ మాటలలోనుండి ఒక పదమును తీసుకొని, దానిని అక్షరములుగా విడదీసి చూపెడివాడు. అమెరికాలో నెడ్ ఫ్లాండర్స్ అను పరిశోధకుడు తరగతులలో మాటను లెక్కగట్టి చూచినాడు. సాధారణముగా తరగతి కాలములో మూడింట రెండు వంతులు ఎవరో ఒకరు మాటలాడుచుందురనియు, అందులోను మూడింట రెండు వంతులు ఉపాధ్యాయుని మాటయే యనియు ఆయన తేల్చినాడు. ఇరువదిమంది అభ్యాసకులు మిగిలిన కొద్ది సమయమును పంచుకొనవలెనన్నచో ఒక్కొక్కరికి దక్కునది ఎంత?

మునుపటి ఉద్యమముల పాఠము

వయోజన విద్య మనకు కొత్త కాదు. రాయలసీమ ముద్దుబిడ్డ గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు (1883-1960) గ్రంథాలయోద్యమముతోపాటు వయోజన విద్యకును పాటుపడిరి. 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమము, 1988 మే 5న జాతీయ సాక్షరతా మిషన్ ప్రారంభమైనవి. 1990 దశకము ఆరంభమున చిత్తూరు జిల్లాలో "అక్షర తపస్మాన్" అను పేర సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమము నడచినది.

ఆ కాలముననే పొరుగున నెల్లూరు జిల్లాలో జరిగినదానిని అందరు ఎరుగుదురు. వాచకములో సారా త్రాగుడువలన చెడిన కుటుంబముల కథ వచ్చినది. తరగతిలోని స్త్రీలు దానిని చదివి ఊరకుండలేదు. అది తమ యింటి కథయే యని చర్చించిరి. ఆ చర్చ దూబగుంటలో సారాను ఆపించువరకు పోయినది. 1992లో రాష్ట్రమంతట వ్యాపించినది. 1993 అక్టోబరు 1నుండి రాష్ట్రమున సారా నిషేధింపబడినది. పాఠమును అప్పజెప్పించి విడిచియున్నచో అది పాఠముగానే మిగిలెడిది. నేర్చుకొనువారికి మాట దక్కుటచే అది ఊరి వ్యవహారమైనది.

తరగతిలో ఆచరింపదగిన పద్ధతులు

1. కూర్చుండు తీరు. వరుసలుగా కాక గుండ్రముగా కూర్చుండవలెను. ఒకరి ముఖము ఒకరికి కనబడనిచో సంభాషణము సాగదు.

2. నిజమైన ప్రశ్న. "ఇది ఏ అక్షరము?" అను ప్రశ్నకు జవాబు ఉపాధ్యాయునికి ముందే తెలియును, అది పరీక్ష. "మీ వీధికి నీళ్లు ఎన్నాళ్లకొకసారి వచ్చును?" అను ప్రశ్నకు జవాబు నేర్చుకొనువానికే తెలియును, అది సంభాషణము. మొదటిది కొంత అవసరమే. రెండవది ప్రతి దినము ఉండవలెను.

3. జవాబుకై ఆగుట. ఉపాధ్యాయులు ప్రశ్న వేసి సాధారణముగా ఒక్క సెకను మాత్రమే ఆగుదురనియు, మూడు సెకనులు లేక అంతకు మించి ఆగినచో జవాబులు దీర్ఘముగను ఆలోచనతోను వచ్చుననియు మేరీ బడ్ రో అను అమెరికా పరిశోధకురాలు చూపినది. పరభాషలో మాట వెదకుకొనువారికి ఈ వ్యవధి మరింత అవసరము. మనసులో అయిదు లెక్కించునంతవరకు ఉపాధ్యాయుడు మౌనముగా ఉండవలెను.

4. జంటలుగా మాటలాడుట. ఇరువదిమంది పది జంటలుగా విడిపోయినచో ఒకేసారి పదిమంది మాటలాడుదురు. ఒకరి చేత ఖాళీ దరఖాస్తు, మరియొకరి చేత రేషను కార్డు ఉంచవలెను. మొదటివారు పేరు, వయసు, ఇంటి నెంబరు అడిగి తెలిసికొని నింపవలెను. ఒకరికి తెలిసినది మరియొకరికి తెలియనపుడే అడుగవలసిన పని కలుగును. తెలుగు బాగుగా వచ్చినవారిని రానివారితో జతపరచిన మేలు.

5. తప్పు దిద్దుట. "రేపు వచ్చినాను" అని ఎవరైన అన్నచో నలుగురిలో తప్పు పట్టరాదు. "రేపు వస్తారా? మంచిది, ఎన్ని గంటలకు వస్తారు?" అని సరియైన రూపమును మన మాటలో కలిపి అందింపవలెను. సంభాషణము తెగదు, మర్యాద చెడదు.

6. ఇంటి భాషకు గౌరవము. తరగతిలో తమిళము, కన్నడము, ఉర్దూ మాటలాడవద్దని కట్టడి చేయరాదు. తెలిసిన భాష కొత్తదానికి మెట్టు. తమిళమువారికి నీరు, ఊరు, నూరు, పాలు వంటి మాటలు సగము తెలిసినవే. మోసపుచ్చు మాటలను మాత్రము విడిగా చెప్పవలెను. "అవసరము" అనునది తెలుగున కావలసినది, తమిళమున తొందర. "వీడు" తెలుగున ఈ మనిషి; తమిళమున ఇల్లు. తమిళలిపిలో క, గ లకు ఒకే అక్షరము; ప, బ లకును అంతే. కావున కడప-గడప, పాట-బాట, పండి-బండి వంటి జంటలను అట్టముక్కలపై వ్రాసి, ఒకరు పలుకగా మరియొకరు చూపునట్లు ఆడింపవలెను. ఈ ఆటలో చెవియు కన్నును ఒకేసారి అలవాటుపడును.

ఒక సాయంకాలపు పాఠము

గంటసేపు పాఠమును ఇట్లు నడపవచ్చును. మొదటి పది నిమిషములు ఊరి నీటి సంగతి మాటలాడింపవలెను: బోరు ఎవరిది, కుళాయి ఎక్కడ కారుచున్నది, వేసవిలో ఏమి చేసితిరి. పిమ్మట పది నిమిషములు "నీరు" అను పదము. దానిని "నీ", "రు" అని విడదీసి, మొదటి అక్షరపు గుణింతమును మార్చిన నారు, నీరు, నూరు, నోరు అని నాలుగు మాటలు వచ్చును. రెండు హల్లులతో రైతునకు కావలసిన నాలుగు మాటలు చేతికి వచ్చినపుడు పెద్దలు పొందు ఉత్సాహము చూచి తీరవలెను. తరువాత ఇరువది నిమిషములు జంటలుగా సంభాషణము: ఒకరు పంచాయతీ కార్యదర్శి, మరియొకరు కుళాయి చెడినదని చెప్పవచ్చిన గృహిణి. ఆపైన పదునైదు నిమిషములు ఆ ఫిర్యాదునే రెండు వాక్యములుగా వ్రాయుట. చివరి అయిదు నిమిషములు వ్రాసినదానిని ఒకరిద్దరు బిగ్గరగా చదువుట. ఆ కాగితము నిజముగా పంచాయతీకి అందినచో, మరునాటి తరగతికి పిలువకయే అందరు వత్తురు.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

వయోజన విద్యకై 2022లో ప్రారంభమైన నవభారత సాక్షరతా కార్యక్రమము 2027 వరకు ఉద్దేశింపబడినది. పదునైదేండ్లు దాటినవారికి స్వచ్ఛంద ఉపాధ్యాయులద్వారా చదువు నేర్పుట దాని లక్ష్యము. పంచాయతీల అండ లేనిదే ఇట్టివి ఊరిలో నిలువవు. సభ్యులు చేయదగినవి కొన్ని కలవు.

తరగతికి వెలుతురు, చాపలు, త్రాగునీరు సమకూర్పవలెను. వేళను మనము నిర్ణయింపక, నేర్చుకొనువారినే అడుగవలెను. మామిడికోతల కాలమున ఒక వేళ, శెనక్కాయ పీకు కాలమున మరియొక వేళ అనుకూలము కావచ్చును. తల్లులు వెంట తెచ్చు పసిపిల్లలను చూచుకొనుటకు ఒకరిని ఏర్పాటు చేయవలెను. పంచాయతీ నోటీసులను, రసీదులను, పాత దరఖాస్తులను తరగతికి ఇచ్చి, వానినే పాఠ్యపుస్తకములుగా వాడునట్లు చేయవలెను.

తరగతిని చూడబోయినపుడు ప్రసంగింపకుడు. నా అనుభవము మీకు చెప్పియున్నాను. ఒక మూల కూర్చుండి, పావుగంటలో ఎందరు నోరు విప్పినారో లెక్కించుడు. హాజరుపట్టీకన్న ఆ లెక్క మేలైనది. ఉపాధ్యాయుడే మాటలాడుచున్నచో అతనిని నిందింపక, ఏకాంతమున సలహా చెప్పుడు. అతడు నేర్చిన బడిలోను అట్లే జరిగియుండును.

కడపటి మాట. మూడు నెలలకొకమారు గ్రామసభలో మొదటి పదిహేను నిమిషములు వయోజన పాఠశాలవారికి కేటాయింపుడు. వారు తమ మాటలలో, తడబడుచునే, ఒక ప్రశ్న అడుగుదురు గాక. సర్పంచి నవ్వక, తొందరపెట్టక, సూటియైన జవాబు చెప్పవలెను. తడబడి అడిగిన ప్రశ్నకు నేడు గౌరవము దొరికినచో, రేపు సమావేశములో తీర్మానపు పుస్తకము తన ముందునకు వచ్చినపుడు ఆ సభ్యురాలు కలమును ప్రక్కనుంచి, "ఇందులో యేమి రాసినారో మొదట చదివి చూస్తాను" అనగలదు. అందుకై మీ ఊరి బడి వసారాలో ఈ వారమే చాపలను గుండ్రముగా పరపింపుడు.